రేకు మీద పేరు

దాచేపల్లి,
ఏప్రిల్ 11

మాలిక్‌కి వదిన సలాం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు నవ్వుకుంటావని తెలుసు. మా ఇంట్లో ఫోన్ ఒక్కటే. అది నాజియా చేతిలో ఉంటుంది. నా కూతురి చేతిలో ఉన్నదంటే మీ అమ్మ చెవిలో పడ్డట్టే. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తెలియకూడదు. అందుకే అంగన్‌వాడీలో పిల్లల్ని పడుకోబెట్టి, గోడకానుకుని రాస్తున్నాను. ఆయాకి ఉత్తరాలేమిటని మా టీచరు శ్రీదివ్య ఓరగా చూస్తోంది. చూడనీ. నీ జవాబు కూడా అంగన్‌వాడీకే రాయి.

ఈ ఎండలకి ఊరవతల పాత సున్నపురాయి క్వారీలో నీళ్ళు బాగా దిగిపోయాయి. గేదెలు కాసేవాళ్ళకి బురదలో ఒక మోపెడ్ కనిపించింది. పైకి లాగి అయూబ్ పాత ఇనుము కొట్లో పడేశారు. తెలిసి పరుగెత్తాను. నెంబరు లేదు, సీటు లేదు, ఇంజన్ సున్నమూ తుప్పూ కలిసి రాయైపోయింది. వెనక పరుపులు కట్టుకునే ఇనపరేకు మాత్రం మిగిలింది. మీ అన్న పరుపులమ్మే బండికీ అలాంటి రేకే ఉండేది. ఆ వంపు చూడగానే పక్కనే కూర్చుని తడిమి చూశాను.

అయూబ్ మాత్రం నమ్మలేదు. "అక్కా, ఆ వెల్డింగ్ షాపోడు ఈ చుట్టుపక్కల బళ్ళన్నిటికీ అదే వంపు కొట్టాడు. పాలోళ్ళకీ అదే, పరుపులోళ్ళకీ అదే. ఇది సుభానీ అన్నదేనని ఎట్టా చెప్తావు?" అన్నాడు.

ఎట్లా చెప్తానంటే, దాని మీద పేరుంది. నాజియాని బడిలో వేసిన రోజు మీ అన్న, గిన్నెల మీద పేర్లు కొట్టే బుడాన్ దగ్గరికి వెళ్ళి ఆ రేకు మీద కూతురి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించుకొచ్చాడు. నీకూ ఫోన్ చేసి మురిశాడుగా. ఆ పేరుంటే అది ఆయన బండి. ఇప్పుడేమో రేకంతా పెచ్చులు పెచ్చులుగా తుప్పు, కింద ఏముందో తెలియడం లేదు.

స్టేషన్‌కి కూడా వెళ్ళాను. ఇంజన్ నెంబరు లేకుండా మేమేం చెప్తామమ్మా అన్నారు. క్వారీ అడుగున ఇంకా నీళ్ళున్నాయి, తోడించండయ్యా అంటే, ఎవరు తోడిస్తారు అని నన్నే అడిగారు.

పరుపులు కట్టుకుని పొద్దున్నే వెళ్ళిన మనిషి, ఆరేళ్ళైనా తిరిగి రాలేదు. ఒంగోలులో చూశామని ఒకరు, చీరాలలో వేరే కాపురం పెట్టాడని ఒకరు. నువ్వు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడివి. తుప్పు పోయి పేరు మాత్రం నిలిచే దారి ఏదైనా ఉంటే రాయి.

వదిన,
జహీరున్నీసా


గుంటూరు,
ఏప్రిల్ 20

వదినకి,

నీ ఉత్తరం చదివి ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. సిద్దికాకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. నా భార్య నోరు జారేది కాదు, నువ్వు భయపడకు.

ముందుగా, ఆ రేకుని దేనితోనూ గోకకు. ఉప్పు కాగితం పెట్టి రుద్దకు. చింతపండు, కిరసనాయిలు, అయూబ్ కొట్లో ఉండే యాసిడ్, ఏదీ వద్దు. సుత్తితో కొట్టిన చుక్కలు గోరంత లోతు కూడా ఉండవు. తుప్పుతో పాటు అవీ పోతాయి.

మంచి పద్ధతి కరెంటుతో తుప్పు తీయడం. మా ల్యాబులో పిల్లలకి పాత తాళంచెవులతో చేసి చూపిస్తుంటాను. రేకుని ఆర్టీసీ కార్గోలో నాకు పంపితే నేనే చేస్తాను, అదే అన్నిటికన్నా మేలు. నువ్వు పంపవని నాకు తెలుసు కాబట్టి ఎలా చెయ్యాలో కూడా రాస్తున్నాను.

పెద్ద ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్ళు పోసి, గుప్పెడు బట్టల సోడా కలుపు. ఒక పక్క పనికిరాని ఇనప ఊచ, ఇంకో పక్క మన రేకు వేలాడదియ్యి. రెండూ తగలకూడదు. స్టీలు గరిట లాంటివి వాడకు, విషం పుడుతుంది. ఆటో బ్యాటరీలు ఛార్జి చేసే మిషన్ అయూబ్ దగ్గర ఉండే ఉంటుంది. దానికి రెండు క్లిప్పులుంటాయి. ప్లస్ క్లిప్పు పనికిరాని ఊచకి, మైనస్ క్లిప్పు మన రేకుకి పెట్టాలి. స్విచ్ వెయ్యగానే బుడగలు వస్తాయి. ఆరుబయట చెయ్యండి, ఆ చుట్టుపక్కల ఎవరూ బీడీ వెలిగించకూడదు. స్విచ్ ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టకు.

తుప్పు మెత్తబడి నల్లటి మడ్డిలా ఊడిపోతుంది. అడుగున ఇనుము ఎలా ఉందో అలాగే ఉంటుంది. చుక్కలుంటే కనిపిస్తాయి.

ఇంకొకటి. మరీ ఆశ పెట్టుకోకు. అన్న ఎక్కడో ఉన్నాడనే నేననుకుంటాను. ఎందుకు వెళ్ళాడో నాకు తెలియదు, కానీ ఉన్నాడు.

మాలిక్


దాచేపల్లి,
మే 6

మాలిక్‌కి,

రేకుని పంపను. ఒకసారి ఇంట్లోంచి పోయింది చాలు.

నీ పద్ధతి మొదలెట్టాం, నవ్వకుండా విను. కొట్టుకెళ్ళి సోడా ఇవ్వమంటే వాడు తినే సోడా పొట్లం కట్టాడు. "ఏంది జహీరక్కా, బజ్జీలేస్తన్నావా?" అని ఎకసెక్కం కూడా. అది కలిపితే బకెట్ ఉలకలేదు పలకలేదు. అయూబ్ చూసి, ఇది కాదక్కా అని బట్టల సోడా తెప్పించాడు. అప్పుడు కూడా బుడగలు ఏవో అరాకొరా వచ్చాయి. నాకు ఓపిక చాల్లేదు, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేశాను. నువ్వు ఉప్పు కాగితం వద్దన్నావు గానీ ఉప్పు వద్దనలేదుగా! వెయ్యగానే బుస్సున పొంగాయి. ఉప్పు లేనిది కూరే కాదు, కరెంటు మాత్రం ఎట్లా రుచిస్తుంది?

బకెట్ అయూబ్ కొట్టు వెనక రేకుల పందిరి కింద పెట్టాం. క్లిప్పులు అతనే నువ్వు రాసినట్టు తగిలించాడు. అంగన్‌వాడీ అయ్యాక రోజూ వెళ్ళి చూసి వస్తున్నాను. మీ అమ్మకి మాత్రం శ్రీదివ్య దగ్గర పనుందని చెప్తున్నాను. నీళ్ళు కారం కలిపినట్టు ఎర్రగా అయ్యాయి. రోజూ ఎరుపు ఎక్కువవుతోంది. తుప్పు బాగా దిగుతోందని సంబరంగా ఉంది.

శ్రీదివ్యకి సీమంతం చేశారు మొన్న. నన్నూ పిలిచింది, మంచి పిల్ల. వాళ్ళ అత్తగారు అందరి చేతులకీ గాజులు వేసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగిపోయింది. వెయ్యాలా, వద్దా? ఆమె తప్పేం లేదు. నేను పెళ్ళాన్నో, విధవనో నాకే తెలియదు, ఆమెకెట్లా తెలుస్తుంది? గాజులు నా ఒళ్ళో పెట్టి, "ఇంటికెళ్ళాక ఏసుకో అమ్మా" అని ముందుకి వెళ్ళింది. ఆ గాజులు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేని మాట ఒకటుంది. నాకు ఆ పేరు కనిపించాలని ఉంది మాలిక్. కనిపిస్తే ఏమిటో నాకు తెలుసు. అయినా కనిపించాలనే ఉంది. ఆ క్వారీ పక్క బాట మన ఊరికి అడ్డదారి. అందులో పడ్డాడంటే ఇంటికి వస్తూ పడ్డాడన్నమాట. వేరే కాపురం పెట్టలేదు, నన్ను వదిలెయ్యలేదు. ఆరేళ్ళుగా ఆయన్ని తిట్టని పూట లేదు. అన్నం వార్చేటప్పుడు తిడతాను, నాజియాకి జడ వేసేటప్పుడు తిడతాను. అది ఆయన బండైతే తిట్టడం ఆపేస్తాను. మొగుడు పోయాడంటే బాగుండునని కోరుకునే ఆడది ఉంటుందా అని నన్ను నేనే అసహ్యించుకుంటున్నాను. ఐనా కోరుకుంటున్నాను.

వదిన


గుంటూరు,
మే 15

వదినకి,

ఉప్పు వెయ్యమని నీకు ఎవరు చెప్పారు? ఉప్పు కలిస్తే వచ్చే గాలి గొంతు పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. ఈ ఉత్తరం అందగానే స్విచ్ ఆపి ఆ నీళ్ళు పారబోయించు. మళ్ళీ ఒట్టి బట్టల సోడా కలుపు. వంట కాదు ఇది.

పేపర్లు దిద్దే డ్యూటీలో ఇరుక్కున్నాను, కదలడానికి లేదు. ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ అమ్మే ఎత్తింది. బాగున్నావా అంటే బాగున్నానంది, అన్నం తిన్నావా అంటే తిన్నానన్నాను. పెట్టేశాను.

ఆ చివరి మాట చదివాక నాలుగు రోజులు నీకు జవాబు రాయాలనిపించలేదు. నీ బాధ నాకు తెలియక కాదు. కానీ నువ్వు పేరు రావాలంటున్నావు, నేను రాకూడదంటున్నాను. వాడు నాకు అన్న, వదినా. చీరాలలో ఉన్నా, ఇంకొకరితో ఉన్నా, నన్ను చూసి ముఖం తిప్పుకున్నా సరే, ఉంటే చాలు నాకు. నీకు ఆ రేకు మీద మొగుడి మంచితనం కావాలి. దానికోసం నా అన్న చచ్చిపోవాలి. మనిద్దరం ఒకే బకెట్ దగ్గర కూర్చుని చెరొక దువా చేస్తున్నాం. ఎవరిది వినబడుతుందో నాకు తెలియదు.

కోపంతో రాశాను. చించి మళ్ళీ రాద్దామనుకున్నాను, అబద్ధమేమీ లేదని ఉంచేశాను.

నీళ్ళు అంత ఎర్రబడ్డాయంటే నాకేదో అనుమానంగా ఉంది. ఒక్కటి చూసి రాయి. బుడగలు దేని మీద ఎక్కువగా వస్తున్నాయి, రేకు మీదా, ఊచ మీదా? రేకు మీద రావాలి. ఊచ మీదైతే వెంటనే ఆపెయ్యండి.

మాలిక్


దాచేపల్లి,
మే 24

మాలిక్,

బుడగలు ఊచ మీద.

నీ ఉత్తరం శ్రీదివ్య చేతికి వచ్చేసరికే ఆలస్యమైంది. పరుగెత్తుకెళ్ళి స్విచ్ ఆపించి బయటికి తీశాం. ఊచ తళతళా మెరుస్తోంది. కొట్లో నేల మీద తుప్పు పట్టి పడున్న ఊచ, నిన్న షాపులో కొన్నట్టుంది. మన రేకు అంచులు తమలపాకులా పలచబడ్డాయి, మధ్యలో జల్లెడలా చిన్న చిన్న చిల్లులు. తుప్పు పోయింది, నిజమే. తుప్పు కింద ఏముందో అదీ పోయింది. పేరు కొట్టిన చోట చెయ్యి పెట్టి తడిమితే గుంటలు తగులుతున్నాయి, కానీ రేకంతా గుంటలే.

అయూబ్‌ని ఏమీ అనకు. అతను నువ్వు రాసినట్టే తగిలించాడు. అతను టీ తాగడానికి వెళ్ళాక నేనే మార్చాను.

ఎందుకు మార్చావని అరుస్తావు. చెప్తాను. పనికిరానిదానికి ప్లస్, మనదానికి మైనస్ అని రాశావు. చదివినప్పుడే నాకది నచ్చలేదు. మా అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూకం వేస్తాం. బరువు తగ్గిన పిల్లకి ఎదురుగా మైనస్ గీత పెడతాం. రెండుసార్లు మైనస్ పడ్డ పిల్లని చూస్తే నాకు ఆ రోజు ముద్ద దిగదు. అట్లాంటి గీత ఉన్న క్లిప్పు తెచ్చి మీ అన్న వస్తువుకి, దాని మీద కూతురి పేరుందేమో అన్నదానికి, నా చేత్తో ఎట్లా ఉంచను? ఆ ఇనప ఊచ ఎవరిదో, దానికి ప్లస్సూ, ఆయనకి మైనస్సూనా? చచ్చిపోయాడో బతికున్నాడో తెలియని మనిషికి ఇంకా తీసివేతలేనా అనిపించింది. క్లిప్పు తీసి అటుది ఇటు పెట్టాను. బుడగలు రెండు పక్కలా వచ్చాయి. వస్తే చాలు కదా అనుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అడుగుతున్నాను. క్లిప్పులు మళ్ళీ మార్చి పెడితే పోయిన ఇనుము తిరిగి వచ్చి అతుక్కుంటుందా? ఊచ మీద ఉన్నదంతా రేకుదే కదా?

జహీరా


గుంటూరు,
జూన్ 2

వదినా,

రాదు.

నీళ్ళలో కరిగిపోయిన ఇనుము మళ్ళీ అదే గుంటలో, అదే చుక్కలో వచ్చి కూర్చోదు. ఆ ఎర్రనీళ్ళే మన రేకు. పారబోసి ఉంటారు. ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు.

నీ మీద అరుద్దామనే కలం పట్టుకున్నాను. ఎవరి మీద అరవను? ప్లస్ తగిలిన ఇనుము కరిగిపోతుంది, మైనస్ తగిలినది బాగుపడుతుంది, ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే నువ్వు ఆ క్లిప్పుని ముట్టుకునేదానివి కాదు. క్లాసులో ప్రతి వెధవకీ ఎందుకో చెప్పిందాకా వదలను. నీకు మాత్రం ఇది ఇక్కడ పెట్టు, అది అక్కడ పెట్టు అని రాసి ఊరుకున్నాను. నీకు అర్థం కాదులే అనుకున్నానేమో. ఆ రెండు గుర్తులకీ లాభంతో, నష్టంతో, మంచితో, చెడుతో సంబంధమే లేదు వదినా. ఎవరో పెద్దమనిషి ఎప్పుడో పెట్టిన పేర్లు. అటూ ఇటూ మార్చి పెట్టి ఉన్నా ఎవరూ అడిగేవారు కాదు.

సిగ్గు లేకుండా ఇంకొకటి చెప్తున్నాను. నీ ఉత్తరం చదవగానే ముందు నాకు కలిగింది సంతోషం. పేరు కనబడలేదు కదా, వాడు ఉన్నట్టే కదా అని. ఒక్క క్షణమే. తర్వాత నువ్వు ఆ ఊచ పట్టుకుని నిలబడ్డది కళ్ళకు కట్టింది. సంతోషపడినందుకు నన్ను క్షమించమని కూడా అడగలేను.

ఆ రేకుని దాచు. ఇంకేమీ చెయ్యకు.

మాలిక్


దాచేపల్లి,
జులై 9

మాలిక్‌కి,

మీ అమ్మకి తెలిసిపోయింది. రేకుని పాత చీరలో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టాను. బియ్యం తీయబోయి తీసింది. ఏమిటే ఇది అని అడిగింది. అబద్ధమాడే ఓపిక నాకు లేదు, క్వారీ దగ్గర్నుంచి క్లిప్పుల దాకా అంతా చెప్పేశాను. నాజియా కూడా పక్కనే నిలబడి వింది. అరుస్తుందనుకున్నాను. రొమ్ము బాదుకుంటుందనుకున్నాను.

ఏమందో తెలుసా? నా గడ్డం పట్టుకుని, "నా కొడుక్కి ప్లస్సే పెట్టావు కదే తల్లీ! ఊరంతా ఆడికి తీసేత్తంటే నువ్వొక్కదానివే కలిపావు. పేరెందుకు కనపడుద్దే? ఆడిది కాదు గనక కనపళ్ళా. వస్తాడు నా బుడ్డోడు" అంది. ఆ రోజంతా పాటలు పాడుకుంటూ తిరిగింది. గోంగూర పచ్చడి నూరి నాకు తినిపించింది. ఆ ముద్ద మింగడం నా వల్ల కాలేదు. నేను చేసిన పాడుపనికి నన్ను మెచ్చుకున్న మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

నాజియా మాత్రం రేకుని ఒకసారి తిప్పి చూసి చదువుకోవడానికి వెళ్ళిపోయింది. అది అలా వెళ్ళడం మీ అమ్మ పాటల కంటే ఎక్కువ భయపెడుతోంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. క్వారీ మళ్ళీ నిండింది. వెళ్ళి చూశాను, బర్రెలు ఈదుతున్నాయి. అడుగున ఏముందో ఇక తెలియదు. తెలుసుకునే దారులన్నీ నా చేత్తోనే మూసుకున్నాను.

ఒక్క సాయం చెయ్యి. రేకుని ఈ ఉత్తరంతో పాటు కార్గోలో పంపుతున్నాను. పంపనన్నదాన్ని పంపుతున్నానంటే ఎందుకో విను. రోజూ చూస్తుంటే రోజూ ఏదో ఒకటి కనబడుతోంది. ఒకరోజు "య" కనపడుతుంది, మర్నాడు అదే చోట ఒట్టి గుంట. నా కళ్ళని నేను నమ్మలేకపోతున్నాను. నీ ల్యాబులో పెద్ద భూతద్దాలుంటాయి కదా. పెట్టి చూడు. పేరు ఉందంటే ఉంది, లేదంటే లేదు. నువ్వు ఏది రాస్తే అదే నమ్ముతాను, మళ్ళీ అడగను. నువ్వు కోరుకునేది ఏమిటో తెలిసి కూడా నిన్నే అడుగుతున్నాను. ఇంకెవరిని అడగాలో తెలియదు.

వదిన


గుంటూరు,
ఆగస్టు 3

వదినకి,

రేకు చేరింది. చాలా రోజులు ల్యాబు బీరువాలోనే ఉంచాను, తియ్యడానికి చేతులు రాలేదు.

నిన్న అందరూ వెళ్ళిపోయాక భూతద్దం కింద పెట్టి, పక్కనుంచి లైటు వేసి చూశాను. చుక్కలు ఉన్నాయి. మామూలు కంటికి గుంటల్లో కలిసిపోతున్నాయి గానీ, నీడలో వరుస తెలుస్తోంది. "నాజియా" అనే ఉంది. అనుమానమేమీ లేదు. "నా" మీద దీర్ఘం కూడా చక్కగా కనిపిస్తోంది.

అది అన్న బండే. అడ్డదారిన ఇంటికే వస్తున్నాడు. నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. ఒంగోలులో చూసినవాళ్ళు ఇంకెవరినో చూశారు.

అమ్మకి చెప్పడమా మానడమా నువ్వే చూడు. నా నోటితో నేను చెప్పలేను. నేను మసీదుకి వెళ్ళి వాడి పేరున దువా చేసి వచ్చాను.

ఇక వాడిని తిట్టకు వదినా.

మాలిక్


దాచేపల్లి,
ఆగస్టు 14

మాలిక్‌కి వదిన సలాం.

నీ ఉత్తరం అందింది. అంగన్‌వాడీ వెనక వరండాలో నిలబడి చదివాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది, చెప్పేంత పెద్దది కాదని చెప్పలేదు. బుడాన్‌కి చదువు రాదు. ఎవరైనా కాగితం మీద రాసిస్తే దాన్ని చూసి కొట్టేవాడు. ఆ రోజు మీ అన్న ఇచ్చిన కాగితం చెమటకి తడిసి అక్షరం అలుక్కుపోయింది. బుడాన్ దీర్ఘం లేకుండానే కొట్టేశాడు. రేకు మీద ఉన్నది "నజియా". మీ అన్న గుమ్మంలోకి వస్తూనే నవ్వు. "దీర్ఘం మింగేశాడే ఆడు! మళ్ళీ కొట్టమంటే రేకు చిల్లు పడుద్ది అన్నాడు. పోనీలే, పిల్ల పెద్దయ్యాక అదే కలుపుకుంటది" అన్నాడు. తర్వాత ఎప్పుడూ పైన పరుపులు ఉండేవి. ఆయనకీ నాకూ తప్ప ఆ తప్పు ఎవరికీ తెలియదు.

నువ్వు దీర్ఘం చక్కగా కనిపిస్తోందని రాశావు.

తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. అన్న ఉంటే చాలు అనుకున్నవాడివి. నా కోసం కూర్చుని, నీ చేత్తో ఆయన పోయాడని రాశావు. బతికున్నాడేమో అనుకున్న మనిషికి మసీదులో దువా చేసి వచ్చావు. ఎంత ఏడ్చి రాసి ఉంటావో నాకు తెలుసు. నీకు ఆ కష్టం తెచ్చిపెట్టింది నేనే.

ఆ మాట అబద్ధమని దీర్ఘం దగ్గరే తెలిసింది. తెలిసి కూడా చివరిదాకా చదివాను. ఇంటికే వస్తున్నాడు అన్నచోట వరండాలో చతికిలబడ్డాను. శ్రీదివ్య వచ్చి పట్టుకునేదాకా ఏడ్చాను. ఈ ఆరేళ్ళూ ఆయన మీద ఏడ్చాను మాలిక్. ఆయన కోసం ఏడవడం అదే మొదలు. మర్నాడు పొద్దున అన్నం వారుస్తుంటే మళ్ళీ తిట్టు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎన్నాళ్ళు మింగగలనో తెలియదు.

అత్త రేకు ఏదని రోజూ అడుగుతోంది. తన కొడుకుది కాదని తేలిన రేకట, ఇంట్లో ఉంటే మంచిదట. పంపించు.

రేకు ఒక్కటే పంపు. అందులో నిజంగా ఏం కనిపించిందో మాత్రం ఎప్పటికీ రాయకు.

వదిన,
జహీరున్నీసా